నా బొటనవేలు తప్పదు

ఏప్రిల్ 28, ఆదివారం

దిగువపేట గెలిచింది. ముందు ఈ మాట రాసుకోవాలి. వీధిలో ఈ ఒక్క మాట తప్ప మిగతావన్నీ అంటున్నారు.

బాస్కెట్‌బాల్ ఆట మూడున్నరకి మొదలుకావాలి. కపితాన్ గారు ఊరి పెద్ద కాబట్టి ఉపన్యాసం ఇవ్వాలి, ఇచ్చారు. ఆ తర్వాత జట్టుకొక అందగత్తె చొప్పున ఊరేగింపు. ఎగువపేట పిల్లకి చెప్పు తెగితే మళ్ళీ మొదట్నించి నడిపించారు. నాలుగున్నర దాటాక గానీ బంతి గాల్లోకి లేవలేదు. ఇది చీకటిపడేలోపు తెమలదని నేను అప్పుడే అన్నాను. మామూలప్పుడు నా మాట ఎవడు వింటాడు? టైము చూసే బల్ల ముందు కూర్చున్నాక మాత్రం అందరూ వినాలి. బల్ల దగ్గర మాటే ఆఖరు మాట. ఈ ఊరి కట్టుబాట్లలో నాకు నచ్చింది అదొక్కటే.

ఎప్పటిలాగే బల్ల దగ్గర ఇద్దరం. ఎగువపేట తరఫున ఫిదేలా పాయింట్లు రాస్తుంది, దిగువపేట తరఫున నేను టైము చూస్తాను. కుడిచేతిలో స్టాప్‌వాచ్. ఎడమచేతి కింద ఏదో పాత జీప్నీ బండి నుంచి ఊడదీసి బ్యాటరీకి తగిలించిన హారన్. ఇన్నేళ్ళలో మా ఇద్దరికీ మాటా మాటా వచ్చింది లేదు. ఎందుకొస్తుంది? ఆమె కొడుకు జొవెల్‌కి మంత్రసానిని నేనే, బాప్తిస్మంలో ఎత్తుకున్న నినాంగ్‌ని, జ్ఞానతల్లిని, నేనే. నీళ్ళు పోసినప్పుడు వాడు తన్నిన తన్ను నా మోచేతికి ఇంకా గుర్తుంది. ఆ తన్నినవాడే ఇవాళ ఎగువపేట జట్టుకి కెప్టెన్. నాకు తలెత్తి చూస్తే గానీ వాడి గడ్డం కనపడదు.

ఆఖర్లో ఎగువపేట ఒక్క పాయింటు ముందుంది. తొమ్మిది సెకన్లు మిగిలాయి. బంతి మాది. రెఫరీ ఈల వేశాడు, బంతి మా బోబొయ్ చేతికి తగిలింది, నేను నొక్కాను. ఎగువపేట జనమంతా లేచి గొంతు చించుకుని లెక్కపెట్టడం మొదలెట్టారు. తొమ్మిది! ఎనిమిది! ఏడు! సరిగ్గా అప్పుడే చర్చిలో ఆరు గంటల ప్రార్థన గంట కొట్టారు. ఎవరికి వాళ్ళు సిలువ గుర్తు వేసుకున్నారు, ఆట మాత్రం ఆగలేదు. మూడు! రెండు! ఒకటి! అని వాళ్ళు గంతులేశారు. జొవెల్ చేతులు పైకెత్తి, తాను కాస్తున్న బోబొయ్‌ని వదిలేసి, వాళ్ళమ్మ వైపు తిరిగి పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు. హారన్ మోగిందా? మోగలేదు. ఎందుకు మోగలేదు? టైము అవలేదు గనక! బోబొయ్ తీరిగ్గా వేశాడు. పడింది. ఆ తర్వాత మోగించాను హారన్.

అయిపోయింది. కుర్చీలు లేచాయి. ఒకడెవడో కల్లు ముంత విసిరాడు. రెఫరీ మాత్రం బల్ల వైపు చూసి, నేను తలూపాక, బుట్ట చెల్లుతుందన్నాడు.

జనం లెక్క సంతలో అరటిపళ్ళ లెక్క. గెలుస్తున్నవాడికి సెకను ఎప్పుడూ పొట్టిదే. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది వీళ్ళ గోల. ఈ ఊళ్ళో సగంమంది ఎన్ని గంటలకి భూమ్మీద పడ్డారో చెప్పింది ఈ చేయే. నా బొటనవేలు తప్పదు.

ఫిదేలా పెన్ను మూత పెట్టుకుని, వస్తానని కూడా అనకుండా వెళ్ళిపోయింది. కొడుకు ఓడితే ఏ తల్లికైనా కోపమే. రెండ్రోజుల్లో అదే తగ్గుతుంది.

ఏప్రిల్ 29, సోమవారం

దిగువపేటలో పందిని కాల్చారు. కరకరలాడే చర్మం ముక్క ఆకులో పెట్టుకుని బోబొయ్ స్వయంగా తెచ్చిచ్చాడు. “సాలింగక్కా, నీ చేతికి బంగారు తొడుగు చేయించాలి” అన్నాడు. “చేతికెందుకురా, వేలికి చేయించు చాలు” అన్నాను.

సాయంత్రం పంపు దగ్గర జొవెల్ ఎదురుపడ్డాడు. చేయి చాచాను. వాడు నా చేయి అందుకుని నుదుటికి ఆనించుకోకుండా వెళ్ళడం పుట్టాక ఇదే మొదలు. బిందెలో నీళ్ళు చూసుకుంటూ పోయాడు. పోనీ. కుర్రతనం.

ఏప్రిల్ 30, మంగళవారం

కపితాన్ ఒసియాస్ వచ్చాడు. మనిషి మంచివాడే. కాకపోతే ఆఖర్న అరిచినవాడి మాటే ఆయన చెవిలో ఉండిపోతుంది.

“సాలింగక్కా, ఎగువపేటవాళ్ళు ఫిర్యాదు పెట్టారు. ఆదివారం సాయంత్రం ఆట స్థలంలోనే విచారణ.”

“విచారించడానికి ఏముందండీ? నేను టైము చెప్పాను. అయిపోయింది.”

“అదే మాట అందరి ముందూ ఇంకొక్కసారి చెప్పు. చెబితే చెల్లుతుంది, నేను గీత గీసేస్తాను. దిగువపేట పట్నం పండగ పోటీకి వెళ్తుంది.” టోపీ తీసి విసురుకున్నాడు. “మాటవరసకి అడుగుతున్నాను. గంట కొట్టినప్పుడు నువ్వేం చేస్తున్నావు?”

“బాప్తిస్మం పొందినవాళ్ళంతా ఏం చేస్తారో అదే. కళ్ళు మాత్రం బంతి మీదే ఉన్నాయి. చేయి గడియారం మీదే ఉంది.”

“సరే సరే” అని, పెట్టిన బియ్యప్పిండి రొట్టె రెండు ముక్కలూ తినే వెళ్ళాడు.

పట్నం పోటీ సంగతి నాకు తెలియనిదా? ఇలోయిలో నగరంలోని కాలేజీ కోచ్ ప్రతి ఏడూ అక్కడికే వస్తాడు. నచ్చిన కుర్రాడికి ఊరికే చదువు, ఊరికే భోజనం. జొవెల్ ఏడాదిగా ఆ కోచ్ మాట తప్ప ఇంకోటి మాట్లాడలేదు. వచ్చే ఏడాదికి వాడి వయసు దాటిపోతుంది. నేనేం చేయను? టైము టైమే. నా సొంత కొడుకు అయినా ఇదే చెప్పేదాన్ని.

నాకు కొడుకుల్లేరు గనక తేలిగ్గా అంటున్నానని ఎవరైనా అనొచ్చు. ఈ డైరీ చదివేదెవరు గనక అనడానికి?

మే 1, బుధవారం

ఎగువపేటలో కాన్పు. మగపిల్లాడు, గొంతు చూస్తే రెఫరీ అయ్యేలా ఉన్నాడు. తల్లీ బిడ్డా క్షేమం. బొడ్డు కోసి, “మూడూ పదిహేను” అని చెప్పాను.

పిల్లాడి నాయనమ్మ వేడినీళ్ళ గిన్నె పట్టుకుని గుమ్మంలోనే నిలబడింది. “మూడూ పదిహేనా? ఊరి గడియారం ప్రకారమా, నీ గడియారం ప్రకారమా?”

లోపలున్న ఆడవాళ్ళు పకపకా నవ్వారు. నొప్పులు పడిన పిల్ల కూడా నవ్వింది. ఇరవై ఏళ్ళ నుంచి పిల్లల్ని బయటికి తీస్తున్నాను, పుట్టిన టైము మీద నన్ను ప్రశ్నించినవాళ్ళు లేరు. కోపంతో నా చెవులు కాలిపోయాయి. కోడిపులుసు పెడతామన్నారు. తినకుండా వచ్చేశాను. వచ్చాక ఆకలేసింది.

రేపు ఈ స్టాప్‌వాచ్‌ని అందరి నోళ్ళూ మూయించేలా పరీక్ష చేస్తాను. మధ్యాహ్నం నుంచి రేడియో పక్కన పెట్టి చూస్తాను. ఆదివారం నాడు లేచి నిలబడి, “చేశాను, చూశాను, తప్పలేదు” అని చెబుతాను.

మే 2, గురువారం

మధ్యాహ్నం రేడియో గంట కొట్టగానే నొక్కాను. దాన్ని కుడిచేతిలో ఉంచుకునే నా పనులన్నీ చేసుకున్నాను. చేపలు ఎండలో తిరగేశాను, ఇద్దరు గర్భిణీలని చూశాను, కపితాన్ పెళ్ళాంతో అరగంట కబుర్లు. రెండు గంటల వార్తలకి సరి. నాలుగుకి సరి. ఐదుకి సరి. వెంట్రుకంత తేడా లేదు! గోడకి చూపించి మరీ నవ్వాను.

ఏడు గంటల వార్తలకి చూస్తే మూడు సెకన్లు వెనకబడి ఉంది.

రేడియోవాళ్ళే ముందు కొట్టి ఉంటారు. ఏడింటికి వాళ్ళకి ఎప్పుడూ తొందరే.

మే 3, శుక్రవారం

మనసు ఒప్పక జీప్నీ ఎక్కి పట్నం వెళ్ళాను. సంత మూలన గడియారాలు బాగుచేసే ముసలి తినోయ్ కంటికి అద్దం తగిలించుకుని వెనక మూత తీశాడు, చెవి దగ్గర పెట్టుకున్నాడు, నొక్కాడు, ఆపాడు, మళ్ళీ నొక్కాడు.

“దీనికేం రోగం లేదమ్మా. నాకంటే ఆరోగ్యంగా ఉంది.”

“సాయంత్రాలు వెనకబడుతోంది.”

“సాయంత్రాలే వెనకబడే గడియారాన్ని నేనింతవరకు చూడలేదు. తాగే గడియారమా ఏంటి?” అని ఆయన జోకుకి ఆయనే నవ్వుకున్నాడు. “పై మీట నొక్కితే నడుస్తుంది, మళ్ళీ నొక్కితే ఆగుతుంది, ఇంకోసారి నొక్కితే ఆగినచోటు నుంచే నడుస్తుంది. సున్నాకి రావాలంటే పక్కమీట. ఇంతే దీని జాతకం. నొక్కేవాళ్ళని బట్టి ఉంటుంది. ఆడలేక మద్దెల ఓడు అంటారు చూశావూ...”

నాకు తెలుసు ఏమంటారో. కోడిగుడ్ల సంచి బల్ల మీద పెట్టి వచ్చేశాను.

సాయంత్రం మళ్ళీ పరీక్ష. ఐదున్నరకి సరి. ఆరుంబావుకి మూడు సెకన్లు తక్కువ. చల్లగాలి దీనికి పడదేమో. లోహం గదా, ఆరింటికి సముద్రం గాలి మళ్ళుతుంది. తినోయ్ కొట్టులో గాలేదీ, వాడికేం తెలుస్తుంది?

మే 4, శనివారం

మేరీమాతకి పిల్లలు పూలు పెట్టే నెల కదా, మధ్యాహ్నం చర్చి అరుగు మీద ఆడవాళ్ళందరం దేవగన్నేరు పూలు గుచ్చుతున్నాం. ఫిదేలా ఆ కొసన కూర్చుంది. నేను లేచి వెళ్ళి ఆమె పక్కనే కూర్చున్నాను. జరగలేదు. అదే పదివేలు.

“ఏం వదినా, ఎన్నాళ్ళు ఈ మూతి ముడుచుకోవడం?” అన్నాను.

“మూతి నాది. ముడుస్తాను, విప్పుతాను.”

“జొవెల్ ఎలా ఉన్నాడు?”

“బంతిని పక్కింటి పిల్లలకి ఇచ్చేశాడు. వీధిలోకి వెళ్తే చేతులెత్తి చూపించి వెక్కిరిస్తున్నారు. హారన్ మోగకుండా సంబరపడిన వెధవ అని వాళ్ళ జట్టువాళ్ళే అంటున్నారు.” పువ్వులోకి సూది గుచ్చింది. “వాణ్ణి వాడు కూడా అదే అనుకుంటున్నాడు. తప్పు నాదేనమ్మా, తొందరపడ్డానమ్మా అని.”

అయినా తగ్గలేదు. “ఆ రోజు నువ్వు నా పక్కనే ఉన్నావు గదే. నేనేం చేశానో చూశావు గదా?”

“చూశాను.”

“మరి నోరు విప్పి చెప్పవేం?”

ఫిదేలా అప్పుడు నా వంక చూసింది. ఆరు రోజుల తర్వాత. “నేను చెబితే తల్లి చెప్పినట్టుంటుంది సాలింగ్. నువ్వు చెబితే గడియారం చెప్పినట్టుంటుంది.”

“ఏం చెప్పాలి నేను?”

“అది నన్నడుగుతావేం? రేపు సాయంత్రం దాకా ఉంది. టైము చూసుకోవడం నీ పనే గదా” అని దండ ముడేసి లేచిపోయింది.

నేను అక్కడే కూర్చున్నాను. తర్వాత ఇంటికొచ్చాను. అన్నం పొయ్యి మీద పెట్టాను.

అదే రోజు, దీపం పెట్టాక

ఆరు గంటల గంటకి గడియారాన్ని ఎడమచేత్తో పట్టుకున్నాను. తప్పలేదు. ఇవాళ్టికి ఇంతకంటే రాయను.

మే 5, ఆదివారం, పూజ నుంచి వచ్చాక

సరే, రాస్తాను.

నుదుటి దగ్గరికి వేళ్ళు ముడిచి తీసుకెళ్తే బొటనవేలు మీట మీద పడుతుంది. ఆమెన్ అని బొటనవేలిని ముద్దు పెట్టుకుంటే మళ్ళీ పడుతుంది. మా అమ్మ నేర్పిన పద్ధతి, ఆమెకి వాళ్ళమ్మ నేర్పింది. గడియారం పట్టుకున్నానన్న సంగతి నాకు గుర్తుంది గానీ, ఆ చేయి సిలువ గుర్తు వేసుకుంటోందన్న సంగతి గుర్తులేదు. కిందికి చూసేసరికి నడుస్తూనే ఉంది. నడుస్తున్నదాన్ని చూసి ఆగిందని ఎలా అనుకుంటాను?

అయితే జనం లెక్క సరైనదే. ఆ అరటిపళ్ళ లెక్కే.

ఎవరికీ తెలియదు. ఫిదేలా చెప్పదు. చెప్పినా తల్లి మాట. నేను సాయంత్రం నిలబడి “బల్ల దగ్గర మాటే ఆఖరు” అంటే చాలు. పంది ఎలాగూ తిన్నారు. మా పేట గెలిచి ఎన్నాళ్ళయింది! బోబొయ్ ఈ వారమంతా మీసం దువ్వుకుంటూ తిరుగుతున్నాడు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే రకం కాదు నేను. కానీ పూజలో సిలువ గుర్తు వేసుకుంటూ భుజం దాకా వచ్చిన చేయి అక్కడే ఆగిపోయింది. పక్కనున్నవాళ్ళు నెప్పా అని అడిగారు.

జొవెల్ తప్పు తనదే అనుకుంటున్నాడట. ఆ మాట నేను భరించలేను. వాడు పుట్టినప్పుడు మెడకి బొడ్డుతాడు చుట్టుకుని ఉంటే ఈ వేళ్ళతోనే తీశాను. అలా తీసిన వేళ్ళతోనే ఇప్పుడు వాడి మెడకి ఇది చుట్టానా?

మే 5, సాయంత్రం

చేయాల్సింది చేశాను. బ్రహ్మాండంగా చేశాను. నేను కాకపోతే ఎవరు చేయగలరు?

విచారణ ఐదున్నరకి. రెండు పేటలూ చెరో గట్టున. మధ్యలో మన బల్ల. కపితాన్ గొంతు సవరించుకుని, “సాలింగక్కా, ఆ రోజు టైము...” అని మొదలెట్టాడు.

“ఆగండి. ఆరు కాలేదు” అన్నాను.

“ఆరెందుకు?”

“బల్ల దగ్గర మాట ఎవరిదండీ?”

“నీదే.”

“అయితే కూర్చోండి.”

అరగంట కూర్చున్నారు అందరూ, గొణుక్కుంటూ. వేరుశనక్కాయలమ్మే ఆమె బుట్ట ఖాళీ అయింది. ఆరుకి కాస్త ముందు కపితాన్‌ని పిలిచి, చేతిగడియారం చూస్తూ గట్టిగా ఇరవై దాకా సెకన్లు లెక్కపెట్టమన్నాను. జనాన్నీ ఆయనతో కలవమన్నాను. చర్చి గోపురంలో గంట కొట్టే కుర్రాడి చేయి తాడు మీద కనబడగానే, “మొదలెట్టండి” అని నొక్కాను.

ఒకటి! రెండు! మూడు! గంట కొట్టాడు. ఎగువపేట, దిగువపేట, రెఫరీ, వేరుశనక్కాయలామె, అందరూ సిలువ గుర్తు వేసుకున్నారు. నేనూ వేసుకున్నాను, కుడిచేత్తో, మా అమ్మ నేర్పినట్టు, ఎప్పుడూ వేసుకున్నట్టే. ముద్దు దాకా. కపితాన్ ఒంటిచేత్తో సిలువ గుర్తు వేసుకుంటూనే లెక్క ఆపలేదు, అది ఆయన గొప్ప. పద్దెనిమిది! పంతొమ్మిది! ఇరవై! నేను ఆపాను.

గడియారం ఆయన ముక్కు ముందు పెట్టాను. “చదవండి.”

ఆయన చదివాడు. మళ్ళీ చదివాడు. “పదిహేడు” అన్నాడు.

“అదీ సంగతి. దేవుడికి దండం పెట్టినంతసేపు నా గడియారం కూడా దండం పెట్టింది” అన్నాను. “బోబొయ్ వేసిన బుట్ట టైము దాటాక పడింది. ఎగువపేట గెలిచింది. ఇది బల్ల దగ్గర మాట.”

మా గట్టు మీంచి బోబొయ్ గొంతు ఏడుపులా వచ్చింది, “సాలింగక్కా! పంది తినేశాం గదా!”

“తిన్నది అరిగింది గదరా. ఓడిపోయింది కూడా అరిగించుకో.”

ముందు నవ్వింది ఎగువపేట. తర్వాత మావాళ్ళు కూడా, కొందరు పళ్ళు కొరుకుతూ. మావాళ్ళలో నలుగురైదుగురు లేచి వెళ్ళిపోయారు. వాళ్ళు నాతో చాన్నాళ్ళు మాట్లాడరు. మాట్లాడకపోతే వాళ్ళ పెళ్ళాలకి నొప్పులొచ్చినప్పుడు చూద్దాం, ఎంతసేపు మాట్లాడకుండా ఉంటారో.

మొన్నటి నాయనమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. “అయితే మా మనవడు పుట్టిన టైమో?”

“మూడూ పదిహేను. మీవాడు పుట్టినప్పుడు ఏ గంటా కొట్టలేదు.”

కపితాన్ వచ్చే ఏడాది టైము ఎవరు చూడాలని అడిగాడు. ఎవడో బాప్తిస్మం లేనివాణ్ణి పెట్టాలన్నాడు. మా ఊళ్ళో బాప్తిస్మం లేనివి మేకలే అన్నాడు ఇంకొకడు. అప్పుడు ఫిదేలా బల్ల అవతల తన కుర్చీ లాక్కుని, తన చోట్లో కూర్చుని, “ఇంకెవరు చూస్తారు? సాలింగే. గడియారాన్ని ఎడమచేతికి కట్టండి, హారన్ నేను కొడతాను” అంది. అంతే. నా వంక కూడా చూడలేదు. బల్ల కింద నుంచి నా కాలు మాత్రం తొక్కింది, గట్టిగా. నొప్పి పుట్టింది. ఎంత హాయిగా ఉందో!

జొవెల్ మా వెనకే నిలబడి ఉన్నాడట, ఎప్పటి నుంచో. బల్ల చుట్టూ తిరిగి వచ్చాడు. నేను, “నువ్వు తొందరపడలేదు నాన్నా. టైము అయ్యాకే చేతులెత్తావు. ఆలస్యం నాది” అన్నాను.

వాడు “నినాంగ్” అని మాత్రం అని, వంగి నా కుడిచేయి అందుకున్నాడు. అందులో గడియారం ఉందని చూడలేదు. గడియారంతో సహా తీసుకెళ్ళి నుదుటికి ఆనించుకుని, కాసేపు అలాగే అదిమిపెట్టుకున్నాడు. వాడి చేతి కింద నా బొటనవేలు నలిగి, టిక్‌మంది. ఆగినది మళ్ళీ నడవడం మొదలెట్టింది.

ఈసారి నొక్కింది నేను కాదు.

ఆపలేదు. ఇది రాస్తుంటే బల్ల మీద ఇంకా నడుస్తూనే ఉంది.